కోటవాకిట పడుగు

మధ్యాహ్నపు పోటు రాగానే ఓడ లంగరెత్తుతుంది. ఆలోగా బయ్యన రేవుకోటలో చొరబడాలి, ఓడ ఎక్కాలి, గొలుసు తెంచాలి, భార్య గంగసానిని ప్రాణాలతో దించుకు రావాలి. చేతిలో ఉన్నది ఒక్క పూట. తోడున్నది ఒక్క మనిషి. ఆ మనిషీ యోధుడు కాడు. ఊరూరా రాక్షస వేషాలు కట్టి పిల్లల్ని జడిపించే భాగవతుడు, పేరయ్య.

ఇంత ఉపద్రవం దేనికొచ్చిందంటే బట్ట కోసం. నవ్వకండి. రత్నాల కోసం, రాకుమార్తెల కోసం జరిగిన యుద్ధాలు మీరు చాలా విని ఉంటారు. కేతకసీమలో నెత్తురు పారింది మాత్రం మొలకు చుట్టుకునే గుడ్డ కోసమే. సముద్రానికి ఆవలనున్న మకరద్వీపం ఇరవై ఏళ్ళ కిందట ఈ సీమను గెలిచి, తన దండపాలుణ్ణి కూర్చోబెట్టి ఏలుతోంది. ఆ ద్వీపంలో జటిలుడనే మాంత్రికుడు ఏటి ఒడ్డున మరమగ్గాలు నిలబెట్టాడు. మనిషి చెయ్యి పడకుండా అవి గుడ్డ నేసి కుప్పలు పోస్తాయి. ఆ కుప్పల్ని ఎవడు కొనాలి? కేతకసీమ కొనాలి. ఇక్కడ వీధి వీధినా గుంటమగ్గాలు ఆడుతుంటే ఆ మోటు గుడ్డ ఎవడికి కావాలి? మొదట ఇంటి నేతమీద సుంకం వేశారు. జనం ఇంటి నేతే కట్టారు. తర్వాత పత్తి అంతా ఓడ ఎక్కాలనీ, బట్ట అంతా ఓడ దిగాలనీ చాటింపు వేశారు. నేతవాళ్ళు దండపాలుడి సభకెళ్ళి మొరపెట్టుకుంటే, ముందు నిలబడి మాట్లాడిన పెద్దాయనను కొరడాలతో కొట్టి పంపారు. ఆ మర్నాడే సంతలో మకరద్వీపపు గుడ్డ బేళ్ళు తగలబడ్డాయి. తగలబెట్టినవాళ్ళలో నేతగాడు బయ్యన ఒకడు. అందుకే ఆర్నెల్లుగా ఏటి లంకల్లో తలదాచుకుని, పడవ నడుపుకుంటూ బతుకుతున్నాడు.

దండపాలుడు శరభుడు అంతటితో ఊరుకుంటాడా? మగ్గాలు విరగ్గొట్టించాడు. పోగుల్ని వరసన నిలిపే అచ్చులు పొయ్యిలో పెట్టించాడు. అయినా అతనికి మనశ్శాంతి లేకపోయింది, ఎందుకంటే మరమగ్గాలకు ఒక రోగం ఉంది. పోగు తెగితే అవి ముడి వేసుకోలేవు. జటిలుడి మంత్రాలన్నీ కలిసినా ఒక్క ముడి పడలేదు. దాంతో మకరచక్రవర్తి, కేతకసీమలో పడుగును, అదే మగ్గం మీది నిలువు పోగులను, అతికేవాళ్ళను నలభైమందిని పట్టి పంపమన్నాడు. గంగసానిని పేరుపెట్టి మరీ కోరాడు. మగ్గం మీద మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు వెయ్యింటిని, కళ్ళు మూసుకుని, ఒక్కటీ తప్పకుండా, పొద్దు వాలేలోగా మెలివేసి అతికే మనిషి ఆమె. ఆమె లేకుండా వస్తే తల తీయిస్తానని చక్రవర్తి శరభుడికి కబురు పెట్టాడు. ఆమెతో సహా నలభైమందినీ పట్టి ఓడలో గొలుసుకు కట్టారు. ఆ ఓడ సముద్రంలో పడిందా, గంగసాని ఇక తిరిగి రాదు.

మొగలిపొదల చాటున పేరయ్య తన వేషాల మూట విప్పాడు. తాను మకరద్వీపపు వర్తకుడయ్యాడు. పొట్టకు బొంత చుట్టి, నెత్తిన నెమలిపింఛం పాగా పెట్టి, చెవులకు రాగి లోలకులు తగిలించాడు. బయ్యనకు, వర్తకుడి వెంట నడిచే భటుడిలా, తోలు కవచం తొడిగి, గుర్రపు వెంట్రుకల మీసం అతికించి, నడుముకు నిజమైన కత్తి కట్టాడు. గోళ్ళ సందుల్లో ఆర్నెల్లయినా వదలని నీలిరంగు పోయేదాకా ఇసకతో తోమించాడు. మకర యాస పలికించాడు. భుజాలు విరుచుకుని నడవడం పదిసార్లు నడిపించి నేర్పాడు. చివరికి, కన్నతల్లి ఎదురొచ్చినా పోల్చుకోలేదని పందెం కాశాడు. పాపం, ఇంత తెలిసిన పేరయ్యకు నేతవాడి కాళ్ళ సంగతి తెలియదు.

రేవుకోట అందం చెప్పితీరాలి, అందులో ఎంత పాపం ఉన్నా. ఏడు బురుజులు. బురుజు బురుజుకూ నోరు తెరిచిన రాతి మొసలి. దాని కళ్ళలో పిడికిలంతేసి పచ్చలు. ఎర్రచందనపు తలుపులమీద కంచు తామరలు. గోడల వెంట పొడవాటి నీలి ధ్వజాలు సముద్రపు గాలికి చటచటలాడుతున్నాయి. లోపల గిడ్డంగుల శిఖరాలకు తాపిన ఇత్తడి రేకులు ఎండలో కళ్ళు చెదరగొడుతున్నాయి. వాకిట్లో ఏనుగులు, ఉప్పుబండ్లు, చేపల గంపలు, అగరు అమ్మేవాళ్ళు, చిలకలు పట్టేవాళ్ళు, ఒకరినొకరు తోసుకుంటున్నారు.

ఆ వాకిటికి అడ్డంగా, ఈ స్తంభంనుంచి ఆ స్తంభందాకా, మోకాలెత్తున ఎర్రటి పడుగు సాగదీసి ఉంది. వెయ్యి పోగులు, పచ్చి గంజి వాసన. పక్కనే ఇనుప పీటమీద, ద్వీపంనుంచి దిగిన జటిలుడు కూర్చున్నాడు. బక్కపలచటి మనిషి, మోకాళ్ళదాకా జడలు, ముక్కుపుటాల్లోంచి సన్నగా పొగ. పొద్దుటినుంచి అక్కడినుంచి కదలలేదట. లోపలికి వెళ్ళే ప్రతివాడూ పడుగు దాటి వెళ్ళాలని భటులు కేకలేస్తున్నారు. చేపలవాళ్ళు దాటారు. చిలకలవాడు పంజరం నెత్తిన పెట్టుకుని దాటాడు. పేరయ్య పంచె పైకి పట్టి, పక్కకు ఉమ్మేసి, గొప్పింటి వర్తకుడిలాగే దాటాడు.

బయ్యన కాలు లేవలేదు.

నేతవాళ్ళ వీధిలో తెల్లవారుతూనే పడుగులు బారుగా సాగదీసి గంజి పెడతారు. పాకే పిల్లకు మొదట నేర్పేది పడుగు దాటకూడదనే. ఇల్లు అంటుకున్నా సరే, వీధి చివరిదాకా పరుగెత్తి చుట్టు తిరిగి రావలసిందే. మరీ తొందరైతే తల వంచి కిందినుంచి దూరాలి. బయ్యన బుర్ర దాటరా దాటరా అని మొత్తుకుంది. నడుము వింటేగా! అతను చతికిలబడి, రెండరచేతులతో పోగులను కిందినుంచి ఎత్తిపట్టి, పొత్తిళ్ళలో బిడ్డను ఎత్తినంత జాగ్రత్తగా ఎత్తి, దూరి అవతల లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక గాని తాను చేసిన ఘనకార్యం అతనికి తెలియలేదు.

"పొద్దుటినుంచి నువ్వు ఏడోవాడివి," అన్నాడు జటిలుడు. "మిగతా ఆరుగురూ పైనున్నారు, చూడు."

బయ్యన తలెత్తాడు. తోరణానికి ఆరు తలలు వేలాడుతున్నాయి. చివరిది, కొరడా దెబ్బలు తిని వచ్చిన ఆ పెద్దాయనది. బయ్యనకు ఒళ్ళు మండిపోయింది. భయపడడానికి కూడా తీరిక లేకపోయింది.

మొదటి భటుడు ఈటె ఎత్తేలోపే బయ్యన కత్తి అతని గొంతు కింద దిగింది. రెండోవాడి చెయ్యి మణికట్టుదాకా తెగి ఉప్పుమూటల మీద పడింది. మూడోవాడు వెనకనుంచి వాటేసుకుంటే, స్తంభానికేసి అదిమి వాడి పక్కటెముకలు విరగ్గొట్టాడు. జనం చెల్లాచెదురయ్యారు. ఏనుగు ఒకటి బెదిరి ఉప్పుబండిని తలక్రిందులు చేసింది. తెల్లటి ఉప్పు మీద నెత్తురు ఎర్రగా పాకింది.

జటిలుడు పీటమీంచి లేవనైనా లేదు. చిటిక వేసి, ముక్కులోంచి బుస్సుమని పొగ వదిలి, మంత్రం మొదలుపెట్టాడు. పడుగు స్తంభాలనుంచి ఊడింది. వెయ్యి పోగులూ నేలమీద పాకివచ్చి బయ్యన కాళ్ళకు, నడుముకు, మెడకు చుట్టుకున్నాయి. ఒక్కొక్క పోగూ తోలు కవచాన్ని కోసుకుని ఒంట్లోకి దిగింది. కత్తితో పది తెంపితే వంద వచ్చి పడ్డాయి. పేరయ్య వర్తకుడి మర్యాద అంతా మరిచి, కథల్లో రాక్షసుడికి పెట్టే పెనుబొబ్బ పెట్టాడు. భటులు నిజంగానే జడిసి నాలుగడుగులు వెనక్కి వేశారు గాని, ఒకడు తేరుకుని అతని కుడిభుజాన్ని ఎముకదాకా నరికాడు.

ఊపిరి ఆగిపోతున్న బయ్యన కళ్ళకు అప్పుడు రెండు వెదురుపుల్లలు కనబడ్డాయి. ఒక పోగు పైకి, ఒక పోగు కిందికి వరస తప్పకుండా ఉండేందుకు పడుగులో దూర్చే పుల్లలవి. జటిలుడి మంత్రం ఆ వరసను పట్టుకునే నడుస్తోంది. అవి లాగేస్తే పడుగు పడుగంతా చిక్కుపడి ఎందుకూ కొరగాకుండా పోతుంది. ఏ నేతవాడూ బతికుండగా ఆ పని చెయ్యడు. బయ్యన చేశాడు. పళ్ళు కరుచుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా, రెండు పుల్లల్నీ ఒక్క ఊపున లాగేశాడు.

పోగుల వరస చెదిరింది. ఏ పోగును ఎప్పుడు పిలవాలో జటిలుడికి తెలియలేదు. మంత్రం మొదటినుంచి అందుకున్నాడు. చిక్కుపడ్డ పోగులు బయ్యనను వదిలి, దగ్గరలో ఏ గొంతు మాట్లాడుతోందో ఆ గొంతుకు చుట్టుకున్నాయి. జటిలుడు ఆపమని అరిచాడు, అరిచినకొద్దీ బిగిశాయి. కనుగుడ్లు వెళ్ళుకొచ్చాయి. నాలుక నల్లబడింది. జడలూ పోగులూ కలిసిపోయి, ఆ మహా మాంత్రికుడు తన పీట కాళ్ళదగ్గరే తన్నుకుని తన్నుకుని చచ్చాడు. ఎవరూ ఏడవలేదు.

అంతలో రేవులో శంఖం మోగింది. పోటు వచ్చేసింది.

ఇద్దరూ పరుగు. గిడ్డంగుల నడుమ ఇరుకు సందు, అటూ ఇటూ కొండల్లా పేర్చిన బేళ్ళు. వెనక భటులు, పైన బాణాలు. బయ్యన ఒక బేళ్ళ వరసను భుజంతో తోశాడు. అది వెనకొస్తున్న ఆరుగురి మీద కూలింది. సందు చివర ఒకడు గొడ్డలెత్తి అడ్డంపడితే, వాడి గొడ్డలి లాక్కుని వాడికే ఇచ్చాడు, నుదుటిమీద. ఆ గొడ్డలి వదలలేదు. రేవుమెట్ల దగ్గరికొచ్చేసరికి ఓడ నాలుగు బారల దూరం జరిగింది. లంగరు తాడు ఇంకా నీళ్ళలోంచి పైకి లేస్తూనే ఉంది. ఇద్దరూ దూకి తాడు పట్టుకున్నారు. పేరయ్య ఒంటిచేత్తో వేలాడుతూ దారిపొడుగునా మకరద్వీపాన్ని బూతులు తిట్టాడు.

ఓడ పేరు మకరవాహిని. ముందుభాగాన బంగారు పూత పూసిన మొసలి తల, అంచుల వెంట ముత్యపుచిప్పల అల్లిక, మూడు తెరచాపలు. వెనుకటికి కేతకసీమ నేతవాళ్ళు నేసిన చాపలుండేవి. ఇంటి నేత నిషేధం కదా, శరభుడు వాటిని పీకించి తమ ద్వీపపు గుడ్డే కట్టించాడు.

ఓడమీదికి ఎక్కగానే ఇద్దరు నావికులు కత్తులు దూశారు. ఒకణ్ణి బయ్యన గొడ్డలి వెనకభాగంతో దవడ మీద కొట్టి సముద్రంలోకి పంపాడు. రెండోవాడు అతని తొడను చీల్చి, ఆ కత్తి వెనక్కి లాక్కునేలోపు తల పగిలి పడ్డాడు. నెత్తుటికి కాళ్ళు జారుతుంటే తెరచాపను పట్టుకుని నిలదొక్కుకున్నాడు బయ్యన. చేతికి గుడ్డ తగిలింది. బొటనవేలితో ఒకసారి నులిమి చూశాడు. పొడి రాలింది. అతనికి సంగతి అర్థమైపోయింది. ఇందులో నేత సగం, గంజి సగం. తడి తగిలిందంటే జల్లెడ.

పేరయ్యను చుక్కాని దగ్గరికి పొమ్మని, ఓడను అడ్డంగా తిప్పమని అరిచాడు. చుక్కాని పట్టినవాడి మెడను పేరయ్య కొరికాడు. మరో ఆయుధం పట్టే చెయ్యి అతనికి లేదు. వాడు కేక పెట్టి వదిలేశాడు. ఓడ పక్కకు ఒరిగింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర లేచే పెద్ద కెరటాలు వచ్చి చాపలమీద విరుచుకుపడ్డాయి. చాపల్లోంచి గంజి కారడం మొదలైంది. నావికుల నెత్తిన, ఓడను అలంకరించిన ముత్యపుచిప్పలమీద, తెల్లగా చిక్కగా కారింది. గాలి చాపలను నింపడం మాని వాటి గుండా పోయింది. నీటి ఊపుకు మకరవాహిని వెనక్కి కొట్టుకొచ్చి, ఇసకతిన్నె మీద పెళ్ళుమని కూర్చుంది. అడుగు పలకలు పగిలాయి. నావికులు దొరికిన చెక్క పట్టుకుని నీళ్ళలోకి దూకారు.

ఓడ కడుపులో నలభైమంది ఒకే గొలుసుకు కట్టి ఉన్నారు. గొలుసు కొస ఒక దూలానికి దిగగొట్టి ఉంది. నీళ్ళు అప్పటికే మోకాళ్ళు దాటాయి. దూలం పక్కనే గంగసాని ఉంది. పెదవి చిట్లింది, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. బయ్యనను చూసి ఆమె ఏడవలేదు, పలకరించలేదు. మీసం ఎవరు పెట్టారని అడిగింది. అతనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గొడ్డలెత్తి దూలాన్ని నరికాడు, నరికాడు, నీళ్ళు నడుముదాకా వచ్చేవరకూ నరికాడు. దూలం విరిగింది. గొలుసు అందరి కాళ్ళ కడియాల్లోంచి జరజరా జారిపోయింది.

పైకొచ్చేసరికి దక్షిణాన ఎనిమిది యుద్ధపడవలు. ముందు పడవలో శరభుడు, ఎర్ర శిరస్త్రాణంతో నిలబడి ఉన్నాడు.

ఓడకు వేలాడుతున్న పెద్ద నాటుపడవను నీళ్ళలోకి దించారు. ఇరుక్కుని కూర్చుంటే అందరూ పడతారు. తెడ్లు వేసేదెవరు? మగ్గం గుంటలో కూర్చోవడం తప్ప సముద్రం ఎరగనివాళ్ళు నేతవాళ్ళు. పేరయ్య భుజం వేలాడుతోంది. బయ్యన ఒక్కడే. ఒక్కడి తెడ్లకు ఎనిమిది పడవలను మించి పోవడం జరిగే పని కాదు. బయ్యన గంగసాని చెయ్యి పట్టుకున్నాడు, ముందు ఆమెను ఎక్కించాలని.

ఆమె చెయ్యి విడిపించుకుంది. అతని చేతిలోని గొడ్డలి తీసుకుంది.

"నేను మీ వెంట వస్తే వాళ్ళూ మీ వెంట వస్తారు మావా," అంది. "నేనిక్కడుంటే వాళ్ళూ ఇక్కడే ఉంటారు."

బయ్యన కాదన్నాడు. పోనన్నాడు. నిన్ను తేవడానికి కదా ఇంత నెత్తురు పారించానన్నాడు. చచ్చినా ఇద్దరం ఇక్కడే చద్దామన్నాడు. ఆమె అతని గడ్డం పట్టుకుని, పడవలోని ముప్ఫైతొమ్మిది మందినీ చూపించి, వీళ్ళను ఒడ్డుకు చేర్చి రమ్మంది. ఎక్కడికి రావాలో ఇద్దరికీ తెలుసు.

యుద్ధపడవలు కేకేస్తే వినబడేంత దగ్గరికొచ్చాయి. గంగసాని ఓడ అంచున నిలబడి, ఎడమచెయ్యి కొయ్యమీద పరిచింది. కుడిచేత్తో గొడ్డలెత్తింది.

"దొరా," అంది. "నలభైమంది వేసే ముడులు నేనొక్కదాన్నే వేస్తాను. ఈ చేతుల కోసమే గదా నువ్వొచ్చావు. ఆ పడవ ఒడ్డు చేరేదాకా మీ పడవలు కదలకూడదు. ఒక్కో బాణానికి ఒక్కో వేలు."

శరభుడు చెయ్యెత్తాడు. ఎనిమిది పడవలూ ఆగిపోయాయి. చక్రవర్తి ముందు ఏమని నిలబడతాడు? మాంత్రికుడు పోయాడు, ఓడ పోయింది, మిగిలిందల్లా ఆ పది వేళ్ళు.

బయ్యన తెడ్లు వేశాడు. తెడ్లు వేసేవాడు వెనక్కి తిరిగి కూర్చోవాలి కదా, అందుచేత ఒడ్డు అతనికి కనబడదు. కనబడేది ఆమే. నూరు బారలు పోయాక కూడా ఆ చెయ్యి కొయ్యమీద పరిచే ఉంది, గొడ్డలి ఎత్తే ఉంది. పేరయ్య తలపాగా విప్పి భుజానికి అదుముకుని, తమ్ముడూ ఇటు చూడకు, నా మొహంకేసి చూడు అన్నాడు. బయ్యన చూపు తిప్పలేదు.

మకరసైన్యంలో ఏదో ఒక తొందరపాటు వెధవ. ఆడదాని బెదిరింపేమిటనుకున్నాడు కాబోలు, విల్లు లాగి వదిలాడు. బాణం వచ్చి నాటుపడవ చివర కూర్చున్న ముసలి నేతగాడి వీపులో దిగింది. ఆయన ముందుకు వాలిపోయాడు.

గంగసాని గొడ్డలి దింపింది.

కేక వినబడలేదు. కొయ్యమీంచి నెత్తురు ధారగా నీళ్ళలోకి కారడం బయ్యనకు కనబడింది. ఆమె మళ్ళీ గొడ్డలెత్తింది. మిగిలిన నాలుగు వేళ్ళూ కొయ్యమీద అలాగే పరిచి ఉంచింది. శరభుడు పిచ్చెత్తినట్టు ఆ విలుకాడి మీదికి దూకి, వాడి తల ఒక్క వేటున నరికి, మొండేన్ని తన్ని సముద్రంలో పడేశాడు. తక్కినవాళ్ళను విళ్ళు నీళ్ళలో పారెయ్యమన్నాడు. విళ్ళు ఒక్కొక్కటే నీళ్ళలో పడ్డాయి.

బయ్యన తెడ్లు ఆపలేదు. గట్టిగా, సిగ్గు లేకుండా, నోరంతా తెరిచి ఏడుస్తూనే వేశాడు.

పడవ ఇసకకు తగిలింది. ముసలాయనను చేతులమీద దించారు. ఆయనకు ఇంకా ఊపిరుంది. దూరాన గంగసాని చేతికి చాపముక్క చుట్టుకుని శరభుడి పడవలోకి దిగింది. గొడ్డలి మాత్రం వదల్లేదు. లాక్కోబోయిన భటుణ్ణి శరభుడే వారించాడు. ఎనిమిది పడవలూ తూర్పుకు తిరిగాయి. అక్కడ, నీటి అంచున, మకరద్వీపానిదే ఇంకో ఓడ చాపలెత్తుకుని కాచుకుని ఉంది.

బయ్యన పడవ దిగలేదు. పేరయ్యను దిగమన్నాడు. పేరయ్య దిగనన్నాడు. నేతవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, నడుముల్లోతు నీళ్ళలోకి తిరిగి వచ్చి, పడవకు భుజాలు ఆనించి సముద్రంలోకి తోశారు.